సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఆగిపోతోందా? మోటారు మార్పించే ముందు ఎర్త్ చూడండి

మీరు రాసింది ముందు కుదించి చెప్పుకుందాం. ఏడేళ్ళ డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు. తాళం తిప్పితే బానెట్ కింద గట్టిగా ‘టక్’మని ఒక్క చప్పుడు వస్తోంది, ఇంజన్ మాత్రం తిరగట్లేదు. మీటర్ బోర్డు లైట్లు, హారను, హెడ్‌లైట్లు అన్నీ బాగున్నాయి. రెండు మూడుసార్లు తిప్పితే ఒక్కోసారి అందుకుంటోంది. పొద్దున చల్లగా ఉన్నా, ఎండలో తిరిగొచ్చినా ఒకటే తీరు. బ్యాటరీ కొత్తది వేయించినా మార్పు లేదు. ఇప్పుడు మీ మెకానిక్ గారు సెల్ఫ్ మోటారు (ఇంజనును తిప్పి స్టార్ట్ చేసేది) మొత్తం మార్చాలంటున్నారు, పాతిక వేలవుతుందట. ఆఖర్న ఇంకో మాట రాశారు: క్లచ్ ప్లేటు వేయించిన కొద్దిరోజులకే ఇది మొదలైందని. మీరు ఇచ్చిన వివరాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఆఖరి మాటే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. మోటారు మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. అది పాడవలేదని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ పాడైందని తేల్చే కొలత ఒక్కటి కూడా మీ బండిలో ఎవరూ తీసినట్టు లేదు. బ్యాటరీ మార్చడం కూడా అలాగే జరిగింది. ఐదారు వందల రూపాయల మల్టీమీటర్ (వోల్టులు, నిరోధం కొలిచే మీటరు), తాళం తిప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉంటే అరగంటలో ఇది తేలుతుంది.

మొదట ఆ ‘టక్’ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. బానెట్ ఎత్తి, చెవి ఆ వైపు పెట్టి, పక్క మనిషిని తాళం తిప్పమనండి. ఫ్యూజ్ బాక్సులోంచి సన్నగా ‘టిక్’ అంటే అది రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) మాత్రమే. రిలే పలికి, కింద మోటారు దగ్గర నిశ్శబ్దంగా ఉంటే కరెంటు మోటారు దాకా పోనట్టే. గేర్‌బాక్సు ఇంజనుకు కలిసే చోట, కింద నుంచి బరువుగా ‘ఠక్’ అని ఇనుము ఇనుముకు తగిలినట్టు వస్తే అది సోలనాయిడ్. మీరు ‘గట్టిగా’ అని రాశారు కాబట్టి సోలనాయిడే అనుకుంటున్నాను. అయినా రిలేను వేలితో తాకి నిర్ధారించుకోండి. రిలే పలికితే వేలికి తెలుస్తుంది.

సోలనాయిడ్ రెండు పనులు చేస్తుంది. పినియన్‌ను (మోటారు కొసనుండే చిన్న పళ్ళ చక్రం) ముందుకు నెట్టి ఇంజనుకుండే పెద్ద చక్రం, అంటే ఫ్లైవీల్ రింగులో పళ్ళు కలుపుతుంది. అదే ఊపులో లోపలి రాగి బిళ్ళను రెండు పెద్ద బోల్టుల మధ్య అతికించి బ్యాటరీ కరెంటును మోటారుకు వదులుతుంది. లోపల రెండు చుట్లుంటాయి. ఒకటి లాగేది, ఇంకోటి లాగినదాన్ని పట్టి ఉంచేది. లాగే చుట్టు మోటారు లోపలి నుంచే ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి) తీసుకుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ‘ఠక్’ వచ్చిందంటే తాళం, రిలే, సన్న వైరు, సోలనాయిడ్ చుట్లు దాదాపు తమ పని తాము చేసినట్టే. ఆ తర్వాతి పెద్ద కరెంటు ఎక్కడో ఆగిపోతోంది, లేదా మోటారుకు చేరినా అది ఇంజనును తిప్పలేకపోతోంది.

సోలనాయిడ్‌కు కావలసింది పదుల ఆంపియర్లు. చిన్న డీజిల్ ఇంజనును తిప్పడానికి మోటారుకు 200 ఆంపియర్ల పైచిలుకు కావాలి, కదిలే తొలి క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. హెడ్‌లైట్ బల్బు ఒక్కోటి సుమారు 5 ఆంపియర్లే తింటుంది. అందుకే ‘లైట్లు బాగా వెలుగుతున్నాయి, కాబట్టి కరెంటు బాగుంది’ అనే లెక్క ఇక్కడ పనిచేయదు. కాలువ నిండా నీళ్ళున్నా తూము పూడిపోతే చివరి పొలానికి తడి కూడా అందదు. అలా పూడిన చోటు మీ బండిలో ఎక్కడుందో వెతకాలి.

చప్పుడు తీరును బట్టి కూడా కొంత తెలుస్తుంది. ‘టకటకటక’ అని గడగడా కొట్టుకుంటుంటే చాలాసార్లు బ్యాటరీ నీరసమో, దాని టెర్మినల్ వదులో అయి ఉంటుంది. సోలనాయిడ్ లాగగానే మోటారు కరెంటు అడుగుతుంది, వోల్టేజి కుప్పకూలుతుంది, పట్టి ఉంచే చుట్టు వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి తేరుకుని మళ్ళీ లాగుతుంది. అదే గడగడ. ఒక్కసారే ‘ఠక్’మని ఆగితే సోలనాయిడ్ పట్టే ఉంది, మోటారుకు మాత్రం చాలినంత అందట్లేదు అన్నమాట. కానీ దీన్ని వేదవాక్కుగా తీసుకోకండి. ఎర్త్ పాడైన బండి ఒకరోజు ఒక్కసారే పలికి, మర్నాడు గడగడలాడటం నేను చూస్తూనే ఉంటాను.

లైట్ల పరీక్ష చాలామంది చెబుతారు. అందులో ఒక చిక్కుంది. చాలా కార్లలో తాళం స్టార్ట్ దాకా తిప్పగానే హెడ్‌లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, కంపెనీ ఏర్పాటే అది. అందుకని లోపలి రూఫ్ లైటు చూడండి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు అది బాగా మసకబారితే బ్యాటరీ బలహీనం, లేదా ఏదో బిగుసుకుపోయి మోటారు విపరీతంగా లాగుతోంది. వెలుగు పెద్దగా తగ్గకపోతే కరెంటు అసలు పోవట్లేదు, లేదా దారిలో ఏదో అడ్డుపడి సన్నగా పోతోంది. మీరు చెప్పిన లక్షణాలు ఈ రెండోదానికే దగ్గరగా ఉన్నాయి.

ఇక మీటరు. ముందు జాగ్రత్త: గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ పైకి, చక్రాలకు రాళ్ళు. పరీక్ష మధ్యలో ఇంజన్ ఉన్నట్టుండి అందుకోవచ్చు, కాబట్టి మీటరు వైర్లు, తువ్వాలు, చేతులు బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఒక్కోసారి 5 సెకండ్లకు మించి తాళం పట్టి ఉంచొద్దు. మధ్యలో అర నిమిషం ఆగండి. తిరగని మోటారు నిమిషాల్లో కాలిపోతుంది.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మీటర్ని ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి కేబుల్‌కు ఆ కొస, ఈ కొస పట్టుకుని ‘సున్నా చూపిస్తోంది, కేబుల్ బాగుంది’ అంటారు. 200 ఆంపియర్లు పోయే దారిలో 0.02 ఓమ్ అడ్డున్నా 4 వోల్టులు అక్కడే మాయమవుతాయి. మామూలు మీటరు వైర్లకే అంతకు పదింతల నిరోధం ఉంటుంది, అది 0.02ను ఎలా పట్టుకుంటుంది? ముప్పై తీగల కేబుల్లో రెండు తీగలు మిగిలినా ఓమ్స్ మీటరు ‘బాగుంది’ అనే చెబుతుంది. కాబట్టి మీటర్ని డీసీ వోల్టుల్లో 20 దగ్గర పెట్టి, తాళం తిప్పి పట్టుకున్నప్పుడే కొలవాలి. కరెంటు పోతున్నప్పుడే అడ్డు ఎక్కడుందో బయటపడుతుంది.

మొదటి కొలత బ్యాటరీ మీద. మీటరు ముల్లులు టెర్మినల్ క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే పెట్టండి. తాళం తిప్పకముందు 12.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. 12.2 దగ్గరుంటే సగమే చార్జు ఉన్నట్టు. ఇప్పుడు తాళం తిప్పించండి. 12 పైనే నిలిచిందా? మోటారులోకి పెద్ద కరెంటు పోవట్లేదు. 11 ప్రాంతానికి వచ్చిందా? ఎంతో కొంత పోతోంది, దారిలో అడ్డుంది. 9.6 కంటే కిందికి జారిందా? కొత్తదైనా సరే బ్యాటరీని అనుమానించాలి, లేదా ఇంజన్ బిగుసుకుంది. కొత్త బ్యాటరీ అంటే నిండా చార్జున్న బ్యాటరీ అని కాదు. షాపులో నెలలు కూర్చున్నదై ఉండొచ్చు. పైనున్న పచ్చ కన్నును కూడా నమ్మకండి. అది ఆరు సెల్లుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

రెండో కొలత మీ బండికి అన్నిటికంటే ముఖ్యం. నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఎర్ర ముల్లు ఇంజన్ మీద రంగు, తుప్పు, నూనె లేని ఇనుము మీద. మోటారు బాడీ అందితే ఇంకా మంచిది. తాళం తిప్పినప్పుడు 0.2 లోపుంటే ఎర్త్ బాగుంది, 0.3 దాకా సరిపెట్టుకోవచ్చు. అర వోల్టు దాటితే అనుమానం, రెండు మూడు వోల్టులు చూపిస్తే జబ్బు దొరికినట్టే.

అయితే ఇక్కడ మెకానిక్కులు కూడా బోల్తాపడే చోటు ఒకటుంది. కరెంటు పోకపోతే ఎంత చెడ్డ ఎర్త్ అయినా సున్నానే చూపిస్తుంది. మొదటి కొలతలో వోల్టేజి అసలు కదలకుండా 12.5 దగ్గరే నిలిచి, ఇక్కడ 0.0 వస్తే ‘ఎర్త్ పాస్’ అని రాసుకోవద్దు. దానికి పరీక్షే జరగలేదు. అడ్డు మరోచోట ఉంది, అది తీశాక మళ్ళీ ఈ కొలత తీయాలి.

క్లచ్ మాట అంత ముఖ్యం అనడానికి కారణం చెబుతాను. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. బ్యాటరీ మైనస్ నుంచో, ఛాసిస్ నుంచో వచ్చే ఎర్త్ పట్టీ చాలా కార్లలో గేర్‌బాక్సు బోల్టుకే బిగించి ఉంటుంది. చాలా బండ్లలో సెల్ఫ్ మోటారును కూడా విప్పితేనే గేర్‌బాక్సు దిగుతుంది. అంటే మీరు ఇప్పుడు అనుమానిస్తున్న మోటారును, దాని పెద్ద నట్టును, ఎర్త్ పట్టీని ఒకే రోజు ఎవరో విప్పి మళ్ళీ బిగించారు. హడావుడిలో పట్టీ బిగించడం మరిచిపోవచ్చు, మట్టి మీదే బిగించొచ్చు, వేరే బోల్టు కింద రంగు మీద నొక్కొచ్చు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ లేకపోతే బాడీకి, ఇంజనుకు గట్టి లంకె ఏదీ ఉండదు. అప్పుడు కరెంటు దొరికిన సన్న దారినల్లా పట్టుకుంటుంది: గేరు కేబుల్, క్లచ్ కేబుల్, సెన్సార్ల ఎర్త్ తీగలు. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాక గేరు కేబుల్ పైతొడుగు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇక సందేహం అక్కర్లేదు.

మీటరు లేకుండా దీన్ని తేల్చే దారి కూడా ఉంది. జంపర్ కేబుళ్ళలో నల్లదాన్ని తీసుకుని ఒక క్లిప్పు మీ బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్ ఎత్తడానికి ఉండే ఇనుప కొక్కేనికో, గేర్‌బాక్సు బోల్టుకో గట్టిగా కరిపించండి. డీజిల్ పైపులకు, బెల్టుకు దూరంగా ఉండాలి. ఇప్పుడు తాళం తిప్పండి. ఇంజన్ గిర్రున తిరిగితే మీ మోటారు ఆరోగ్యంగా ఉంది, పాతిక వేల సంగతి పట్టీ దగ్గర తేలిపోయింది. మీ బండికి నేనైతే అన్నిటికంటే ముందు ఈ పనే చేస్తాను.

ఎర్త్ అని తేలితే బోల్టు బిగించి వదిలేయొద్దు. విప్పి, పట్టీ కన్ను రెండు వైపులా, అది కూర్చునే చోటూ ఎమ్రీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. పళ్ళ వాషరు వేసి బిగించండి. గ్రీజు, వాజెలిన్ లాంటివి బిగించాక పైన రాయాలి, మధ్యలో కాదు. పట్టీ తొడుగు దగ్గర కొంచెం కోసి చూడండి, లోపల రాగి పచ్చగా మారి పొడి రాలుతుంటే పట్టీయే మార్చాలి. కాకినాడ, విశాఖ వైపు ఉప్పు గాలికి ఇది మరీ ఎక్కువ. కొత్తది పాతదానికంటే సన్నగా ఉండకూడదు, కన్ను గట్టిగా క్రింప్ చేసి ఉండాలి. వైరు కొస మెలిపెట్టి వాషరు కింద నొక్కితే మళ్ళీ ఆరు నెలలకు ఇదే కథ.

ఎర్త్ బాగుందని తేలితే ప్లస్ వైపు వెళ్ళండి. బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి మోటారు పెద్ద బోల్టు దాకా, తాళం తిప్పినప్పుడు అర వోల్టు లోపే పోవాలి. తర్వాత సోలనాయిడ్ మీదున్న రెండు పెద్ద బోల్టుల మధ్య పెట్టండి. మామూలప్పుడు 12 చూపిస్తుంది, ‘ఠక్’ అనగానే దాదాపు సున్నాకు రావాలి. ‘ఠక్’ అన్నా 12 అలాగే ఉంటే లోపలి రాగి బిళ్ళ, కాంటాక్టులు కాలి అరిగిపోయాయి. కొన్ని మోటార్లలో ఆ కాంటాక్టులు, ప్లంజరు (చుట్టు లాగే ఇనుప కడ్డీ) విడిగా దొరుకుతాయి, మోటారు మొత్తం మార్చాల్సిన ఖర్చులో చిన్న ముక్కతో పని అయిపోతుంది. ‘రెండు మూడుసార్లు తిప్పితే అందుకుంటుంది’ అనేది వీటి లక్షణం కూడా. బిళ్ళ ప్రతిసారీ కొంచెం తిరిగి కూర్చుంటుంది, మంచి అంచు తగిలినప్పుడు పనిచేస్తుంది. కాబట్టి మీ మెకానిక్ గారి అనుమానం గాలిలోది కాదు. కొలవకుండా తీర్పు చెప్పడమే నాకు నచ్చలేదు.

కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగితే వేరేగా ఉంటుంది. లాగే చుట్టు మోటారు లోపలి నుంచే ఎర్త్ తీసుకుంటుందన్నాను కదా. బ్రష్‌లు తగలకపోతే ఆ దారి తెగుతుంది, ‘ఠక్’ కూడా నీరసంగా వస్తుంది, లేదా అసలు రాదు. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు మోటారును స్పానరుతో తట్టి స్టార్ట్ చేస్తారే, ఆ తట్టుడు బ్రష్‌లను కదుపుతుంది. మెల్లగా తట్టడం వరకు ఫరవాలేదు. ఇప్పటి చిన్న మోటార్లు చాలా వాటిలో లోపల అతికించిన అయస్కాంతాలుంటాయి, సుత్తితో బాదితే పగులుతాయి. అలా ఇల్లు చేరగలిగితే మర్నాడే బ్రష్‌లు వేయించుకోండి. స్క్రూడ్రైవరుతో రెండు బోల్టులు కలిపి స్టార్ట్ చేసే పద్ధతి మాత్రం వద్దు. గేరులో ఉన్న బండి మనిషి మీదికి దూకుతుంది, మనుషులు పోయిన సందర్భాలున్నాయి.

సోలనాయిడ్‌కు వచ్చే సన్న వైరు కూడా ఒకసారి కొలవండి. తాళం తిప్పినప్పుడు అక్కడ 10 వోల్టులకు తగ్గితే తాళం స్విచ్చో, రిలేనో తింటోంది. వేడి మీద ఉన్నప్పుడే మొరాయించి, చల్లారితే పనిచేసే బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. రాగి 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే నిరోధం పావు వంతుకు పైగా పెరుగుతుంది, ఆ మేరకు చుట్టు లాగే బలం తగ్గుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇంజను పక్కన ఆ వేడి ఏమంత దూరం కాదు. మీ బండికి వేడికీ చల్లకీ తేడా లేదన్నారు కాబట్టి దీన్ని చివర్న చూడండి.

ఇంకొక్కటి, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. వాన నీళ్ళలో తిరిగిన బండి ‘ఠక్’మని ఆగితే రెండోసారి తాళం తిప్పొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక మా వైపు వచ్చిన బండ్లలో, నీళ్ళు తగ్గగానే సెల్ఫ్ కొట్టి చూసినవాటికే పెద్ద నష్టం జరిగింది. సిలిండరులో చేరిన నీళ్ళు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. డీజిల్ అయితే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో, పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ పుల్లీ బోల్టు పట్టుకుని చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పంపాకే మిగతా పని. వాన సంగతి లేకపోయినా ఇంజన్ బిగుసుకుందేమో అనుమానముంటే చదును నేల మీద తాళం ఆఫ్‌లో, టాప్ గేర్లో వేసి బండిని ముందుకూ వెనక్కీ ఊపండి. ఇంజన్ కదులుతుంటే తెలుస్తుంది. పినియన్ రింగులో ఇరుక్కుని ఉంటే ఈ ఊపుకే వదులుతుంది కూడా.

దారిలో ఆగినప్పుడు లారీ బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోకండి. పెద్ద లారీలవి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపిన 24 వోల్టులు, మీ కారు కంప్యూటరు నిలవదు. ఇంకో కారు నుంచి తీసుకుంటే ఎర్రవి రెండు ప్లస్‌లకు, నల్లది ఆ కారు మైనస్‌కు, ఆఖరి నల్ల క్లిప్పు మీ ఇంజన్ ఇనుముకు. బ్యాటరీ మీద వేస్తే నిప్పురవ్వకు అక్కడి హైడ్రోజన్ అంటుకోవచ్చు. ఇందులో మీకు అదనపు లాభం ఒకటుంది: అలా ఇంజనుకు వేయగానే గిర్రున తిరిగితే ఎర్త్ మీద అనుమానం ఇంకా బలపడినట్టు.

పని అయ్యాక చార్జింగు తప్పకుండా చూడండి. డైనమో (బ్యాటరీని చార్జు చేసే ఆల్టర్నేటర్) కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది. దాని కరెంటు కూడా అదే ఎర్త్ పట్టీ గుండా బ్యాటరీకి తిరిగి రావాలి. పట్టీ పాడైన బండిలో బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితోనే ఉంటుంది. మీ పాత బ్యాటరీ త్వరగా పోవడానికి కారణం అదే అయి ఉండొచ్చు, కొత్తదానికీ అదే గతి పట్టొచ్చు. ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి ఉన్నప్పుడు బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అప్పుడే మైనస్ పోస్టుకు, డైనమో బాడీకి మధ్య 0.2 దాటకూడదు.

నాకు మీరు తిరిగి పంపాల్సినవి: తాళం తిప్పకముందు, తిప్పినప్పుడు బ్యాటరీ పోస్టుల మీద వోల్టేజి, మైనస్ పోస్టుకు, ఇంజనుకు మధ్య వోల్టేజి, సోలనాయిడ్ పెద్ద బోల్టుల మధ్య వోల్టేజి. నల్ల జంపర్ వేసినప్పుడు ఇంజన్ తిరిగిందో లేదో కూడా రాయండి. గేర్‌బాక్సు దగ్గర ఎర్త్ పట్టీ బోల్టు ఫోటో దొరికితే అది కూడా పెట్టండి. అవి చూశాక మోటారు విప్పాలా వద్దా అన్నది చెబుతాను.